కార్డు మీద దాగిన గీత కనిపించేదెలా?

మీలో కొందరికి తపాలా బిళ్ళలో, అగ్గిపెట్టెల లేబుళ్ళో సేకరించే సరదా ఉండే ఉంటుంది. అమెరికాలో చాలామందికి ఆటగాళ్ళ బొమ్మలున్న కార్డులు సేకరించడం ఇష్టం. 1952లో టాప్స్ కంపెనీ అచ్చువేసిన మికీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు ఒకటి 2022లో వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది! అవే బొమ్మలున్న కార్డులు ఇంకా ఉన్నాయి. మరి దీనికే అంత ధర ఎందుకు? డెబ్బై ఏళ్ళు గడిచినా అది దాదాపు కొత్తదానిలా ఉంది కాబట్టి.

కార్డు ఎంత చక్కగా ఉందో పరీక్షించి 1 నుంచి 10 వరకు అంకె వేసే సంస్థలు ఉన్నాయి. దీనినే గ్రేడింగు అంటారు. ఇందుకు రుసుము కట్టాలి. అందుకే కార్డును పంపేముందు సొంతదారు తానే ఒకసారి పరీక్షించుకుంటాడు. ఈ పరీక్షలో ఎంత విజ్ఞానం ఉందో చూడండి.

మొదట స్కేలు తీసుకుంటారు. బొమ్మకు ఎడమపక్క అంచు 3 మిల్లీమీటర్లు, కుడిపక్క అంచు 2 మిల్లీమీటర్లు ఉన్నాయనుకుందాం. మొత్తం 5. అంటే నిష్పత్తి 60:40. సరిగ్గా మధ్యలో ఉంటే 50:50 రావాలి. ఈ తేడా ఎంత పెరిగితే గ్రేడు అంత తగ్గుతుంది.

తరువాత పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో మూలలను చూస్తారు. కార్డు అంటే దళసరి కాగితం, దానిమీద పలుచని సిరా పొర. మూల దేనికైనా రాసుకుంటే ముందు సిరా పొర లేచిపోతుంది. కింద ఉన్న కాగితపు పీచులు బయటపడతాయి. మామూలు కంటికి బాగున్న మూల భూతద్దంలో తెల్లగా కనిపించేది అందుకే.

ఇక అన్నిటికన్నా తమాషా అయినది వెలుగు పరీక్ష. గదిని చీకటి చేసి, టార్చిలైటును కార్డుకు దాదాపు సమాంతరంగా, పక్కనుంచి వేస్తారు. నున్నని తలంమీద పడ్డ వెలుగు ఒకే దిక్కుకు పరావర్తనం చెంది వెళ్ళిపోతుంది. గీత ఉన్నచోట మాత్రం నాలుగు దిక్కులా చెదిరి, మన కంటికీ కొంత చేరుతుంది. చిన్న సొట్ట ఉంటే దాని నీడ పొడుగ్గా సాగుతుంది. సాయంత్రంపూట పొలంలో మట్టిగడ్డల నీడలు సాగడం మీరు చూసే ఉంటారు. ఇదీ అంతే! పైనుంచి వెలుగు వేస్తే ఇవేవీ కనిపించవు.

లోపం కనిపించింది. దాన్ని సరిచేస్తే? ఇక్కడే చిక్కు. తడిగుడ్డతో తుడిస్తే పీచులు నీరు పీల్చి ఉబ్బుతాయి. ఆరాక మళ్ళీ మునుపటిలా చదునుగా సర్దుకోవు. మడత పడ్డచోట పీచులే విరిగి ఉంటాయి. బరువు పెట్టినా అవి అతుక్కోవు. అంచులు కత్తిరిస్తే మూలలు పదునుగా వస్తాయి, కాని కొలత మారుతుంది. టాప్స్ కార్డులకు 1957 నుంచి ఉన్న కొలత 63.5 x 88.9 మిల్లీమీటర్లు. పైగా పాతకార్డుకు కొత్తగా తెగిన అంచు భూతద్దం కింద తేడాగా కనిపిస్తుంది.

కత్తిరించిన కార్డుకు సాధారణంగా అంకె వేయరు. అయినా ఒక వింత జరిగింది. 1909-11 నాటి సిగరెట్ పెట్టెలలో వచ్చిన హోనస్ వాగ్నర్ కార్డు ఒకదానికి 1991లో పి.ఎస్.ఏ. అనే సంస్థ 8 అంకె వేసింది. 2007లో అది 28 లక్షల డాలర్లకు అమ్ముడైంది. దాని అంచులను తానే కత్తిరించానని ఒకప్పుడు దాన్ని అమ్మిన వ్యాపారి 2013లో న్యాయస్థానంలో ఒప్పుకున్నాడు! అరిగిన మూల కార్డు వయసును చెబుతుంది. కత్తిరించిన మూల అబద్ధం చెబుతుంది. పరీక్ష చేసేది ఉన్న లోపాన్ని ఉన్నట్టు తెలుసుకోవడానికే.

మీ ఇంట్లో పాత గ్రీటింగు కార్డు ఉందా? ఈ రాత్రి దీపం ఆర్పి, టార్చి పక్కనుంచి వేసి చూడండి. పగలు మీకు కనబడని గీతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.