వాన సూది బెజ్జంలోంచి వస్తుంది

సాయంత్రంపూట దిల్‌సుఖ్‌నగర్‌లో మబ్బు కమ్మితే ఏమవుతుందో ఎప్పుడైనా గమనించారా? మొదటి చినుకు పడీ పడగానే రోడ్డు పక్కన బట్టలు, చెప్పులు అమ్మేవాళ్లంతా ఒక్కసారి లేస్తారు. రెండు నిమిషాలు గడవకముందే బళ్లన్నీ నీలిరంగు టార్పాలిన్ పట్టాల కిందికి చేరిపోతాయి. ఎల్.బి.నగర్ చౌరస్తా దాకా ఇదే దృశ్యం. ఆ పట్టా కింద సరుకు తడవదు.

కాని శిబిరానికి వెళ్లి, అంతకు ఎన్నో రెట్లు ధర పెట్టి కొన్న గుడారంలో పడుకున్నవాళ్లు తెల్లవారేసరికి తడిసి ముద్దయిన సందర్భాలు ఉన్నాయి. ఖరీదైన గుడ్డ కారుతుంది, చవకది కారదు. ఇదేమి చిత్రం?

ఈసారి ఆ నీలి పట్టాను దగ్గరగా చూడండి. సన్నని పాలిథిన్ పట్టీలను చాపలాగా నేసి, రెండువైపులా పాలిథిన్ పూత పోస్తారు. వెడల్పు చాలకపోతే రెండు ముక్కలను వేడితో కరిగించి అతుకుతారు. సూదితో పని లేదు. కనుక అతుకు దగ్గర కూడా బెజ్జం ఉండదు.

మరి శిబిరానికీ దాన్నే తీసుకుపోవచ్చు కదా? పోవచ్చును, మోయగలిగితే! దుకాణంలో '200 జి.ఎస్.ఎం.' అంటే చదరపు మీటరుకు 200 గ్రాముల బరువని అర్థం. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు ఉన్న పట్టా 2 కిలోల 400 గ్రాములు తూగుతుంది. భువనగిరి కొండ ఎక్కేటప్పుడు వీపు మీద ఇది తక్కువ బరువు కాదు. సిలికాన్ పట్టించిన సన్నని నైలాన్ గుడ్డ చదరపు మీటరుకు 45 గ్రాములే ఉంటుంది. అదే కొలత పట్టా 540 గ్రాములకు వస్తుంది. బళ్లకూ, ఇంటి పైకప్పుకూ పాలిథిన్ పట్టానే మేలు. నడిచి వెళ్లేవాళ్లకు మాత్రం నైలాన్ గాని, పాలియెస్టర్ గాని కావాలి. తడిస్తే నైలాన్ కొంచెం సాగి వేలాడుతుంది. పాలియెస్టర్ అంతగా సాగదు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఈ గుడ్డ సాధారణంగా మీటరున్నర వెడల్పున దొరుకుతుంది. 3 మీటర్ల పట్టా కావాలంటే రెండు ముక్కలు కలిపి కుట్టవలసిందే. సెంటీమీటరుకు మూడు కుట్ల చొప్పున 4 మీటర్లకు 1,200 బెజ్జాలు. గట్టిదనం కోసం రెండు వరసలు కుడితే 2,400! గుడ్డలోంచి రాని నీరు ఈ దారుల గుండా దిగుతుంది.

ఇది పాత తగాదాయే. స్కాట్లండుకు చెందిన చార్లెస్ మాకింటాష్ 1823లో రెండు గుడ్డల మధ్య రబ్బరు పొర పెట్టి, నీరు చొరని బట్టకు పేటెంటు పొందాడు. బట్ట బాగానే ఉన్నది. దర్జీలు దాన్ని కోటుగా కుట్టేసరికి సూది బెజ్జాల్లోంచి వాన లోపలికి వచ్చింది! మరి పాతకాలపు మందపాటి నూలు గుడారాల సంగతి? నూలు నీరు తాగి ఉబ్బుతుంది. దారమూ ఉబ్బి తన బెజ్జాన్ని తానే మూసేస్తుంది. నైలాన్‌కూ పాలియెస్టర్‌కూ ఆ గుణం లేదు.

మీరే పరీక్షించవచ్చును. పాడైపోయిన గొడుగు గుడ్డ ముక్క ఒకటి తీసుకోండి. గాజు గ్లాసు మూతికి కొంచెం గుంటగా ఉండేట్లు రబ్బరు బ్యాండుతో బిగించి, గుంటలో నీళ్లు పోయండి. గుడ్డ మంచిదైతే నీరు నిలిచిపోతుంది. నేత సందులు మరీ చిన్నవి. నీటి తలతన్యత దాన్ని అక్కడే ఆపుతుంది. ఇప్పుడు నీళ్లు పారబోసి, మధ్యలో సూదీ దారంతో పది కుట్లు వేసి మళ్లీ పోయండి. కాసేపటికి దారం కింద చుక్క కట్టి రాలుతుంది. దీపపు వత్తి నూనెను లాగినట్లే దారం నీటిని లాగుతున్నదన్నమాట. దీనినే కేశనాళికీయత అంటారు. గుడ్డ ఆరబెట్టి కుట్టుమీద కొవ్వొత్తి గట్టిగా రుద్ది మరొకసారి చూడండి. కారడం తగ్గుతుంది.

గుడారానికి కొవ్వొత్తి చాలదు, మడతలు పడగానే రాలిపోతుంది. సిలికాన్ గుడ్డకు సిలికానే పూయాలి. బాత్‌రూము టైళ్ల సందుల్లో పూసే పారదర్శకమైన సిలికాన్ ట్యూబు హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. కొద్దిగా తీసుకుని, రంగుల షాపులో అమ్మే మినరల్ టర్పెంటైన్‌తో తేనెలా పలచబరచండి. పట్టాను బిగుతుగా కట్టి, చిన్న కుంచెతో కుట్టు పొడవునా రుద్దుతూ పూయండి. ఎక్కువైనదాన్ని గుడ్డతో తుడిచెయ్యండి. వెనిగర్ వాసన వస్తుంది, బెదరకండి. గాలిలోని తేమతో కలిసి గట్టిపడేటప్పుడు చాలా రకాల సిలికాన్ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. టర్పెంటైన్ మాత్రం మండే ద్రవం. ఈ పని ఆరుబయట, పొయ్యికి దూరంగా, పెద్దవాళ్లను పక్కన ఉంచుకునే చేయాలి. ఒక రాత్రి ఆరనిచ్చి, అంటుకోకుండా పైన టాల్కం పౌడరు చల్లండి.

అన్ని గుడ్డలకూ ఈ మందు పనికిరాదు. పాలియురెథేన్ పూత ఉన్న గుడారాలకు పాలియురెథేన్ జిగురే కావాలి. ఏ పూతో తెలియకపోతే మూలన ఒక చుక్క వేసి, మర్నాడు గోటితో గీకి చూడండి. పొరలా ఊడివస్తే అది సరైన జిగురు కాదు. పాలిథిన్ పట్టాకైతే ఏ మామూలు జిగురూ అంటదు. దాని చిరుగుకు వేడి అతుకో, దానికోసమే చేసిన టేపో వాడవలసిందే.

ఎంత బాగా పూసినా పట్టాను చదునుగా కడితే శ్రమ వృథా. 2020 అక్టోబరు 13, 14 తేదీల మధ్య 24 గంటల్లో బేగంపేటలో సుమారు 19 సెంటీమీటర్ల వాన పడింది. సరూర్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల్లో కాలనీలు మునిగిపోయాయి. మన 12 చదరపు మీటర్ల పట్టా మీద అలాంటి వాన పడితే ఎంత నీరో లెక్క వేయండి: 2,280 లీటర్లు! అది వచ్చినట్లే జారిపోవాలి. ఒక్క చదరపు మీటరు మేర 2 సెంటీమీటర్ల లోతున నిలిచినా 20 కిలోలు. ఆ బరువుకు కుట్టు సాగి, మూసిన బెజ్జాలు మళ్లీ తెరుచుకుంటాయి. అందుకే రెండు చెట్ల మధ్య తాడు కట్టి, నడిమి కుట్టు సరిగ్గా తాడు మీదికి వచ్చేట్లు పట్టాను ఇంటి కప్పులా వాలుగా పరచండి.

బయలుదేరే ముందు మేడమీద అలాగే కట్టి, కుట్టు మీద అయిదు బకెట్ల నీళ్లు మెల్లగా పోయండి. కింద ఒకరు పాత వార్తాపత్రికలు పరుచుకుని కూర్చోవాలి. కాగితం మీద తడి మచ్చ కనిపించినచోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఆరిన తరువాత అక్కడ మళ్లీ కుంచె ఆడించండి.