యిచ్చి పుచ్చుకునే విద్యుత్తు

మన కోడంబాక్కం మీదుగా విద్యుత్ రైళ్లు 1931 నుంచి నడుస్తున్నాయి. బీచి నుంచి తాంబరం దాకా ఆనాటి మీటరుగేజి తీగల్లో వున్నది 1500 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. నేడున్నది 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. పక్కనే వడపళని మీదుగా సాగే మెట్రో రైలు మరో అడుగు ముందుకు వేసింది. బ్రేకు వేసినప్పుడు తన వేగాన్నే విద్యుత్తుగా మార్చి తీగకు తిరిగి అప్పగిస్తుంది.

ఇలా యిచ్చి పుచ్చుకునే గుణం మన యింటి ఇన్వర్టరుకూ వున్నది. 2016 డిసెంబరు 12న వర్ధా తుఫాను పట్నాన్ని చీకటి చేసిన రోజుల్లో దాని విలువ ఎందరికో తెలిసింది.

బ్యాటరీకీ యంత్రానికీ నడుమ వోల్టులను హెచ్చించి, తగ్గించి, రెండు వైపులా నడిపే సాధనాన్ని బక్-బూస్ట్ కన్వర్టరంటారు. అందులో ముఖ్యమైనవి ఒక తీగచుట్ట, నాలుగు స్విచ్చిలు. స్విచ్చి మూస్తే శక్తి చుట్టలో నిలువవుతుంది. తెరిస్తే అవతలికి పోతుంది. సెకనుకు వేలసార్లు జరిగే యీ పనిలో, మూసివుంచే వ్యవధిని బట్టి వోల్టులు మారుతాయి.

అర కిలోవాటుకు పనిచేసేదాన్ని అయిదు కిలోవాట్లకు పెంచాలంటే అన్నిటినీ పదింతలు చేస్తే చాలదా? చాలదు. ప్రవాహం రెట్టింపైతే తీగలో వేడి నాలుగింతలవుతుంది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి వెయ్యి వాట్లు తీస్తే 83 ఆంపియర్లు; 48 వోల్టులైతే 21 చాలు. అదే తీగలో వేడి పదహారో వంతుకు దిగుతుంది. కాబట్టి మొదట వోల్టులను పెంచాలి.

రెండవది తీగచుట్ట. దాని నడిమి దిమ్మ కొంతవరకే అయస్కాంత శక్తిని భరిస్తుంది. హద్దు మీరితే ప్రవాహం ఒక్కసారిగా ఎగసి, రెప్పపాటులో స్విచ్చిలు కాలిపోతాయి. పెళ్లివంట ఒకే గుండిగలో వండం గదా! గాడిపొయ్యి మీద నాలుగు గుండిగలు పెడతాం. అట్లాగే చిన్న చుట్టలను కొన్నిటిని పక్కపక్కన చేర్చి, వంతులవారీగా నడుపుతారు. ఒకటి ఎగసేవేళ మరొకటి తగ్గుతుంది గనుక ఒడుదుడుకులు అణగుతాయి. అయితే బరువు అన్నిటికీ సమంగా పడుతున్నదో లేదో కొలుస్తూనే వుండాలి.

మూడవది, ఒకే వరుసలోని రెండు స్విచ్చిలు ఏకకాలంలో మూసుకోరాదు. మూసుకుంటే షార్టు సర్క్యూటే. అందుకని ఒకటి తెరుచుకున్న తరువాత స్వల్ప విరామమిచ్చి రెండవదాన్ని మూస్తారు.

గృహస్థులు గ్రహించవలసిన సంగతి ఒకటున్నది. ఇన్వర్టరుకు పక్కన మరో బ్యాటరీని జతచేస్తే దీపాలు వెలిగే గంటలు పెరుగుతాయి గాని, యంత్రం మోసే బరువు పెరగదు. ఏసీని కూడా దానిమీద నడపాలనుకుంటే ముందు కన్వర్టరు వాట్లను, తీగ మందాన్ని, ఫ్యూజును తెలిసిన ఎలక్ట్రీషియనుకు చూపించండి. సీసపు బ్యాటరీలను గాలి ఆడే చోట వుంచండి. ఛార్జి అయ్యేటప్పుడు వాటినుంచి మండే వాయువు వెలువడుతుంది. వెలుగు కోసం తెచ్చుకున్నది యింటికి నిప్పు కారాదు గదా!