మీకు తెలుసా? ఒలింపిక్స్ కెప్టెన్ మెడికల్ విద్యార్థి!

1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టుకు తొలి కెప్టెన్‌గా ఆడిన తాలిమెరెన్ ఆవో అప్పటికింకా డాక్టరీ చదువుతున్నాడు!

● నాగా కొండల్లోని చాంగ్కి గ్రామంలో 1918లో పుట్టిన ఆవో, కలకత్తా కార్మైకేల్ మెడికల్ కాలేజీలో చదువుతూనే మోహన్ బగాన్ క్లబ్బుకు ఆడాడు. నేటి ఆర్.జి. కర్ మెడికల్ కాలేజీ అదే.

● 1948 జూలై 31న ఫ్రాన్స్‌తో మ్యాచ్. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడారు. వచ్చిన రెండు పెనాల్టీలూ చేజారాయి. 70వ నిమిషంలో సారంగపాణి రామన్ గోల్ కొట్టి స్కోరు సమం చేసినా, చివర్లో 1-2తో ఓడిపోయాం.

● ఆవో 1950లో ఎంబీబీఎస్ పూర్తిచేసి సొంత గడ్డకు తిరిగొచ్చాడు. కొహిమా ఆసుపత్రిలో అసిస్టెంట్ సివిల్ సర్జన్‌గా చేరి, నాగాలాండ్ ఆరోగ్య శాఖ డైరెక్టర్ స్థాయికి ఎదిగాడు.

మన డోన్ పట్టణంలో సాయంత్రం బంతి తన్ని, రాత్రికి నీట్ పుస్తకం పట్టే పిల్లలకు ఆవో పేరు తప్పక తెలియాలి. ఆటా చదువూ రెండూ సాధ్యమేనని ఆయన చేసి చూపించాడు.