కొండ కడుపులో 17 రోజులు

యంత్రాలు ఆగిన చోట ఆదుకున్న కార్మికుల చేతులు
సొరంగాలలో భద్రతపై ఇంకా మిగిలిన ప్రశ్నలు

హిమాలయాలలో మృత్యువును ఎదిరించి బయటపడినవారి గాథలు అనగానే శిఖరాలను అధిరోహించిన పర్వతారోహకులే సాధారణంగా గుర్తుకు వస్తారు. కాని 2023 నవంబరులో అదే పర్వత శ్రేణి అంతర్భాగంలో 41 మంది సామాన్య కార్మికులు 17 రోజుల పాటు చిక్కుకుపోయి, ఒక్కరూ మరణించకుండా వెలుపలికి వచ్చారు. వారు సాహసయాత్రకు బయలుదేరినవారు కారు. పొట్ట చేతబట్టుకొని వందల కిలోమీటర్ల దూరం నుంచి కూలి పనికి వచ్చినవారు. కఠిన పరిస్థితులలో మనుగడ సాగించిన ఉదంతాలలో ఉత్తరాఖండ్‌లోని సిల్క్‌యారా సొరంగ ప్రమాదం అరుదైనదే గాక, దేశంలో ముమ్మరంగా సాగుతున్న నిర్మాణాల వెనుక ఉన్న మనుషుల స్థితిని కళ్ళకు కట్టినది కూడా.

దీపావళి నాటి ఉదయం

ఉత్తరకాశీ జిల్లాలో యమునోత్రి రహదారిపై సిల్క్‌యారా, బడ్‌కోట్‌ల మధ్య సుమారు 4.5 కిలోమీటర్ల సొరంగాన్ని నిర్మించాలని కేంద్ర ప్రభుత్వం 2018లో నిర్ణయించింది. చార్‌ధామ్ రహదారి పథకంలో ఇది భాగం. దీనివల్ల ప్రయాణ దూరం దాదాపు 20 కిలోమీటర్లు, ప్రయాణ కాలం దాదాపు గంట తగ్గుతాయని అంచనా. జాతీయ రహదారులు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ పర్యవేక్షణలో హైదరాబాద్ కేంద్రంగా గల నవయుగ ఇంజినీరింగ్ కంపెనీ ఈ నిర్మాణాన్ని చేపట్టింది.

2023 నవంబరు 12వ తేదీ, దీపావళి పర్వదినం. రాత్రి విధులు ముగించుకొని వెలుపలికి రావలసిన కార్మికులు పని పూర్తి చేసుకుంటున్న తరుణంలో, తెల్లవారుజామున 5.30 గంటల ప్రాంతంలో సిల్క్‌యారా ముఖద్వారానికి 200 మీటర్లకు పైగా లోపల సొరంగం పైకప్పు కూలిపోయింది. సుమారు 60 మీటర్ల మందాన మట్టి, రాళ్ళు, కాంక్రీటు, ఇనుప చట్రాలు దారిని పూర్తిగా మూసివేశాయి. లోపలివారికి, వెలుపలి ప్రపంచానికి మధ్య రాకపోకలు తెగిపోయాయి.

చిక్కుకున్నవారు 40 మంది అని తొలి రోజులలో ప్రకటించిన అధికారులు ఆ తరువాత ఆ సంఖ్యను 41గా సవరించారు. పనిలో ఎందరు ఉన్నారన్న ప్రాథమిక విషయంపైనే ఈ తేడా రావడం గమనార్హం. వీరిలో 15 మంది జార్ఖండ్‌కు, 8 మంది ఉత్తరప్రదేశ్‌కు, అయిదుగురు చొప్పున ఒడిశా, బీహార్‌లకు, ముగ్గురు పశ్చిమ బెంగాల్‌కు, ఇద్దరు చొప్పున ఉత్తరాఖండ్, అస్సాంలకు, ఒకరు హిమాచల్ ప్రదేశ్‌కు చెందినవారు. సొంత ఊళ్ళలో తగిన ఉపాధి దొరకని ప్రాంతాల నుంచే అధిక సంఖ్యాకులు వచ్చారని ఈ జాబితాను చూస్తే బోధపడుతుంది.

ప్రాణం నిలిపిన గొట్టం

ఇంత ఘోర ప్రమాదంలోను కొన్ని అనుకూలతలు కార్మికుల పాలిట వరాలయ్యాయి. పైకప్పు వారి మీద కూలలేదు. వారికి, ముఖద్వారానికి మధ్య కూలింది. ఫలితంగా అప్పటికే తవ్వి పూర్తి చేసిన సుమారు రెండు కిలోమీటర్ల సొరంగం వారికి అందుబాటులో మిగిలింది. విద్యుత్ సరఫరా నిలిచిపోలేదు. రాళ్ళ సందుల నుంచి కారే నీరు లభించింది. అన్నింటినీ మించి, నీటి కోసం ఏర్పాటు చేసిన నాలుగు అంగుళాల గొట్టం ఒకటి శిథిలాల కింద నలిగిపోకుండా నిలిచింది. దాని ద్వారానే ప్రాణవాయువును, మరమరాలు, వేయించిన శనగలు, ఎండు ఫలాలు, మందులను లోపలికి పంపారు.

తొమ్మిది రోజుల పాటు ఈ సన్నని గొట్టమే వారికి జీవనాధారమైంది. నవంబరు 20వ తేదీన ఆరు అంగుళాల మరో గొట్టాన్ని శిథిలాల గుండా చొప్పించగలిగారు. ఆ రాత్రి తొలిసారిగా వేడి కిచిడీ సీసాలలో లోపలికి చేరింది. మరునాడు అదే గొట్టం ద్వారా పంపిన చిన్న కెమెరా, తలకు శిరస్త్రాణాలతో గుమికూడిన కార్మికుల ముఖాలను దేశానికి చూపించింది. వారి కుటుంబాలకు అప్పటివరకు మాట మాత్రమే వినిపించింది. ఆనాడు మనిషి కనిపించాడు.

చీకటి, చలి, ఆకలి ఎంత ప్రమాదకరమో నిరాశ కూడా అంతే ప్రమాదకరమని ఇటువంటి ఘటనలు నిరూపించాయి. లోపలివారిలో అనుభవజ్ఞులయిన కొందరు తోటివారికి ధైర్యం చెబుతూ దినచర్యను ఏర్పరచారు. ఉదయం నడక, యోగాభ్యాసం, ఆ తరువాత ముచ్చట్లు, ఆటలతో కాలం గడిపారు. నిర్మాణానికి తెచ్చిన జియో టెక్స్‌టైల్ పట్టాలనే పడకలుగా పరచుకున్నారు. వెలుపల నుంచి మానసిక వైద్యులు మాట్లాడారు. కుటుంబ సభ్యులతో మాట్లాడించారు.

యంత్రాల వైఫల్యం

శిథిలాలను తొలగించేందుకు మొదట చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. తీసిన కొద్దీ పై నుంచి మట్టి జారి పడింది. దీనితో శిథిలాల గుండా అడ్డంగా వెడల్పాటి ఉక్కు గొట్టాలను చొప్పించి, వాటి గుండా కార్మికులను రప్పించాలని నిర్ణయించారు. ఇందుకు అవసరమైన శక్తిమంతమైన అమెరికన్ ఆగర్ యంత్రాన్ని వైమానిక దళ విమానాలలో తరలించారు. అది 22 మీటర్ల మేర చొచ్చుకొని పోయిన తరువాత నవంబరు 17వ తేదీన సొరంగంలో పెద్ద పగుళ్ళ శబ్దం రావడంతో పనిని నిలిపివేశారు.

ఒకే మార్గాన్ని నమ్ముకోరాదని భావించిన అధికారులు కొండ పై నుంచి నిలువుగా తవ్వడం, బడ్‌కోట్ వైపు నుంచి మరో దారి తెరవడం వంటి ప్రత్యామ్నాయాలను కూడా చేపట్టారు. ఓఎన్‌జీసీ, ఎస్‌జేవీఎన్, టీహెచ్‌డీసీ, ఆర్‌వీఎన్‌ఎల్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలకు బాధ్యతలు అప్పగించారు. ఆస్ట్రేలియాకు చెందిన సొరంగ నిపుణుడు ఆర్నాల్డ్ డిక్స్ నవంబరు 20వ తేదీన వచ్చి చేరారు. జాతీయ, రాష్ట్ర విపత్తు సహాయక దళాలు, సైనిక ఇంజినీర్లు అహర్నిశలు శ్రమించారు.

ఆగర్ యంత్రాన్ని మళ్ళీ నడిపి సుమారు 46 మీటర్ల వరకు చేరుకోగానే విడుదల ఆసన్నమయిందని అందరూ భావించారు. అంబులెన్సులు వరుస కట్టాయి. కాని నవంబరు 24వ తేదీన శిథిలాలలోని ఇనుప చట్రాలు అడ్డుపడి యంత్రపు రెక్కలు గొట్టంలోనే విరిగి చిక్కుకుపోయాయి. వాటిని ముక్కలు చేసి బయటకు లాగేందుకు హైదరాబాద్ నుంచి ప్లాస్మా కట్టర్‌ను విమానంలో పంపవలసి వచ్చింది. ఆ యంత్రం ఇక పనికి రాదని తేలిపోయింది.

ఎలుక బొరియల పనివారు

మిగిలిన 10, 12 మీటర్ల దూరాన్ని మనుషులే తవ్వాలని నిర్ణయించారు. ఇందుకు 12 మంది 'ర్యాట్ హోల్' పనివారిని రప్పించారు. ఎలుక బొరియ వంటి ఇరుకు దారిలో దూరి చేతి పనిముట్లతో తవ్వే వీరు, నగరాలలో మురుగు, మంచినీటి గొట్టాలను భూమి కింద అమర్చే కూలీలు. 800 మిల్లీమీటర్ల వెడల్పు గల ఉక్కు గొట్టంలోకి ఇద్దరు, ముగ్గురు చొప్పున ప్రవేశించారు. ఒకరు తవ్వగా, మరొకరు మట్టిని ఎత్తి చిన్న ట్రాలీలో నింపగా, వెలుపలివారు దానిని తాడుతో లాగివేశారు. తవ్విన మేరకు గొట్టాన్ని ముందుకు నెట్టారు.

నవంబరు 27వ తేదీ సాయంత్రం మొదలైన తవ్వకం 28వ తేదీ సాయంత్రానికి పూర్తయింది. ఆ రాత్రి ఎనిమిది గంటలు కావస్తుండగా మొదటి కార్మికుడు వెలుపలికి వచ్చాడు. సుమారు గంట వ్యవధిలో 41 మందీ బయటపడ్డారు. వైద్య పరీక్షల కోసం మరునాడు వారిని ఋషికేశ్‌లోని ఎయిమ్స్‌కు తరలించారు.

ఇక్కడ గమనించవలసిన వైచిత్రి ఒకటున్నది. మేఘాలయ బొగ్గు గనులలో సాగే ర్యాట్ హోల్ తవ్వకాన్ని ప్రమాదకరమైనదిగా పరిగణించి జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 ఏప్రిల్‌లో నిషేధించింది. ఆ నిషేధం సకారణమే. 2018 డిసెంబరులో మేఘాలయలోని క్సాన్ వద్ద అటువంటి గనిలోకి వరద నీరు చొరబడగా చిక్కుకున్న 15 మందిలో ఒక్కరూ సజీవంగా బయటకు రాలేదు. 2025 జనవరిలో అస్సాంలోని ఉమ్రాంగ్‌సో వద్ద మరో గనిలో తొమ్మిది మంది మరణించారు. పేదరికం నేర్పిన ప్రమాదకర విద్యే సిల్క్‌యారాలో ప్రాణాలను కాపాడింది. ఉత్తరాఖండ్ ప్రభుత్వం ఆ పనివారికి తలా 50 వేల రూపాయలు ప్రకటించగా, అది తమ శ్రమకు తగినట్లు లేదని వారు బహిరంగంగానే అసంతృప్తి వెలిబుచ్చారు.

రాణీగంజ్ నేర్పిన పాఠం

భూగర్భం నుంచి కార్మికులను సజీవంగా రప్పించడం మన దేశంలో ఇదే మొదటిసారి కాదు. 1989 నవంబరు 13వ తేదీన పశ్చిమ బెంగాల్‌లోని రాణీగంజ్ సమీపాన మహావీర్ బొగ్గు గనిలోకి నీరు ముంచెత్తింది. ఆరుగురు మరణించగా 65 మంది లోపల చిక్కుకున్నారు. గని ఇంజినీరు జస్వంత్ సింగ్ గిల్ భూమిపై నుంచి రంధ్రం తవ్వించి, మనిషి ఒక్కడు మాత్రమే పట్టే ఉక్కు పెట్టెను తయారు చేయించారు. అందులో తామే కిందికి దిగి, 65 మందినీ ఒక్కొక్కరిగా పైకి పంపి, నవంబరు 16వ తేదీ ఉదయం చివరివారుగా వెలుపలికి వచ్చారు. 1991లో ఆయనకు సర్వోత్తమ జీవన్ రక్షా పదక్ లభించింది. 2019లో ఆయన కన్నుమూశారు.

అయితే ప్రతిసారీ అదృష్టం వరించదు. 2025 ఫిబ్రవరి 22వ తేదీన తెలంగాణలోని నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలినప్పుడు ఎనిమిది మంది చిక్కుకున్నారు. ప్రమాదం జరిగిన చోటు ముఖద్వారానికి సుమారు 14 కిలోమీటర్ల లోపల ఉన్నది. నీరు, బురద ఒక్కసారిగా ముంచెత్తాయి. సిల్క్‌యారాలో వలె విశాలమైన ఖాళీ స్థలం గాని, గాలిని అందించే గొట్టం గాని అక్కడ మిగలలేదు. ర్యాట్ హోల్ పనివారు అక్కడికీ వచ్చారు. శునకాలను, రోబోలను కూడా వినియోగించారు. వారాల తరబడి గాలించినా రెండు మృతదేహాలు మాత్రమే లభించాయి. చిక్కుకున్నవారిలోను సగం మంది జార్ఖండ్ కూలీలే.

మిగిలిన ప్రశ్నలు

ఈ రెండు ప్రమాదాలను పక్కపక్కన ఉంచి చూస్తే, ప్రాణాలు దక్కడానికి, దక్కకపోవడానికి మధ్య తేడా ఎంత స్వల్పమో అర్థమవుతుంది. ఒకచోట నలగకుండా మిగిలిన నాలుగు అంగుళాల గొట్టం ఆ తేడాను నిర్ణయించింది. అది యాదృచ్ఛికంగా మిగిలినదే తప్ప ప్రాణరక్షణకు ఉద్దేశించి అమర్చినది కాదు.

2018లో కేంద్ర మంత్రివర్గ సంఘం ఆమోదించిన సిల్క్‌యారా ప్రణాళికలో అత్యవసర నిష్క్రమణ మార్గం ఉన్నది. ప్రమాదం జరిగిన నాడు మాత్రం లోపల ఉన్నవారు తప్పించుకు రాగల దారి ఏదీ సిద్ధంగా లేదు. సొరంగం పూర్తయ్యాక ప్రయాణికులకు అవసరమయ్యే రక్షణ, దానిని తవ్వే కార్మికులకు తవ్వుతున్నంత కాలమూ అవసరమే. తవ్వకం సాగిన కొద్దీ వెంట సాగే రక్షణ గొట్టాలు, లోపల ఎవరెవరు ఉన్నారో తెలిపే కచ్చితమైన హాజరు పట్టిక, బలహీనమైన రాతి పొరల ముందస్తు పరిశీలన కొత్త విషయాలేమీ కావు. వ్యయంతో కూడినవి మాత్రమే.

సిల్క్‌యారా సొరంగం తవ్వకం 2025 ఏప్రిల్ 16వ తేదీన రెండు వైపుల నుంచీ కలిసింది. హిమాలయాలలో రహదారులు, రైలు మార్గాలు, జల విద్యుత్ కేంద్రాల కోసం మరెన్నో సొరంగాల తవ్వకం సాగుతూనే ఉన్నది. వాటిలో పని చేసేందుకు జార్ఖండ్, బీహార్, ఒడిశా గ్రామాల నుంచి కూలీలు ఈనాటికీ రైలు ఎక్కుతున్నారు. కొండను తొలిచే ఖర్చులో వారు తిరిగి వెలుపలికి వచ్చే దారి ఖర్చును కూడా మొదటి రోజు నుంచే లెక్క కట్టవలసిన బాధ్యత ప్రభుత్వాలపైన, నిర్మాణ సంస్థలపైన ఉన్నది.