చప్పుడు లేని బండి

నెల్లూరు జిల్లాలోని బోగోలు మండలము సముద్రతీరమున నున్నది. బిట్రగుంట రైల్వే స్టేషనును, జువ్వలదిన్నె మొదలగు మత్స్యకారుల పల్లెలును ఇందే కలవు. చెన్నై నుండి కోల్‌కతాకు పోవు 16వ జాతీయ రహదారియు ఈ మండలము మీదుగనే పోవుచున్నది. ఎడ్లబండ్లును, సైకిళ్లును తిరిగిన ఇట్టి పల్లెలలో నేడు విద్యుత్తు స్కూటర్లు కానవచ్చుచున్నవి. వీనికి పెట్రోలు అక్కఱలేదు. రాత్రి ఇంటిలో బ్యాటరీకి విద్యుత్తు నెక్కించినచో ఉదయమునకు బండి సిద్ధమగును. పొగ రాదు, చప్పుడు మిక్కిలి స్వల్పము.

ఇట్టి బండికి నియమము లేవియు లేవని కొందఱు తలంతురు. అది పొరపాటు. కేంద్ర మోటారు వాహన నియమముల ననుసరించి, మోటారు శక్తి 250 వాట్లకును, గరిష్ఠ వేగము గంటకు 25 కిలోమీటర్లకును లోపుగా నున్న బ్యాటరీ బండి మోటారు వాహనముగా లెక్కింపబడదు. దానికి రిజిస్ట్రేషను గాని, నడపువానికి లైసెన్సు గాని అవసరము లేదు. ఈ రెండు హద్దులలో ఏది దాటినను అది మోటారు వాహనమే యగును. అప్పుడు రిజిస్ట్రేషను, బీమా, లైసెన్సు, హెల్మెట్టు అన్నియు ఉండవలెను. సొంత బండి యైనచో ఆకుపచ్చ పలకపై తెల్లని అక్షరములతో నంబరు వ్రాయింపవలెను.

వేగమునకు హద్దేల? గంటకు 25 కిలోమీటర్ల వేగముతో పోవు బండి 50 కిలోమీటర్ల వేగము నందుకొన్నచో, దాని గతిశక్తి రెట్టింపు గాక నాలుగు రెట్లగును. బ్రేకు వేసిన పిమ్మట ఆగుటకు పట్టు దూరమును ఇంచుమించు నాలుగు రెట్లగును. పైగా చప్పుడు లేనందున, బాటను దాటు వృద్ధులకు బండి రాక తెలియదు. కావున మలుపులలో హారను మ్రోగించుటయు, వేగము తగ్గించుటయు నడపువాని విధి.

నియమము పాటింపనిచోట సౌకర్యమే పోవును. పారిస్ నగరమున నిలుచుండి నడపు చిన్న విద్యుత్తు స్కూటర్లను అద్దె కిచ్చెడివారు. కొందఱు వానిని కాలిబాటలపై నడపి, అడ్డముగా విడిచిపోవుచుండిరి. 2023 ఏప్రిల్ 2న పౌరుల అభిప్రాయము నడుగగా, ఓటు వేసినవారిలో నూటికి దాదాపు 90 మంది అవి వలదనిరి. ఆ యేటి సెప్టెంబరు నాటికి అద్దె స్కూటర్లు వీధులనుండి తొలగింపబడెను.

మన దేశమున 16 ఏండ్లు నిండనివారికి ఏ మోటారు వాహనమునకును లైసెన్సు నీయరు. 2019లో సవరింపబడిన చట్టము ప్రకారము, బాలుడు మోటారు వాహనమును నడపి నేరము చేసినచో అతని సంరక్షకునికి 3 సంవత్సరముల వఱకు కారాగారమును, 25,000 రూపాయల జరిమానాయు విధింపవచ్చును. ఆ బాలునికి 25 ఏండ్లు నిండువఱకు లైసెన్సు లభింపదు. తండ్రి ముద్దుగా నిచ్చిన తాళపుచెవి ఆ తండ్రినే న్యాయస్థానమున నిలుపగలదు. లైసెన్సు అక్కఱలేని చిన్న బండియైనను రహదారిపై లారీ నెదుర్కొనజాలదు. ఈ మాట బాలురును, పెద్దలును మఱువరాదు.