నాయుడు... చివర రెండు ‘ఓ’లు!

మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది. నూటఅరవై ఏళ్ల కిందట ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్లకు అది దారిలోనే జారిపోయింది. దాని స్థానంలో పేరు చివరి గౌరవవాచకం వంశనామమై కూర్చుంది. విశాఖ తీరానికీ డర్బన్‌ రేవుకూ మధ్య పుట్టిన ఓ కొత్త ఇంటిపేరు కథ ఇది.

విశాఖపట్నం మద్దిలపాలెం వైపు నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయంలోకి వెళ్లేవారికి రెండు పేర్లు తప్పక తారసపడతాయి. ఒకటి డాక్టర్‌ వి.ఎస్‌.కృష్ణ. మద్దిలపాలెం ప్రభుత్వ డిగ్రీ కళాశాలకూ, యూనివర్సిటీ గ్రంథాలయానికీ ఆయన పేరే పెట్టారు. రెండోది సర్‌ సి.ఆర్‌.రెడ్డి. స్నాతకోత్సవ మందిరం ఆయన పేరు మీదుంది. ఇద్దరూ ఆ విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలర్లుగా పనిచేసినవాళ్లే. మరి వాళ్ల ఇంటిపేర్లేమిటని అడిగితే? రోజూ ఆ బోర్డుల ముందు నుంచి వెళ్లే కుర్రాళ్లలో చాలామంది తడుముకుంటారు. ‘వి’ అంటే వాసిరెడ్డి. ‘సి’ అంటే కట్టమంచి. తెలుగులో ‘క’తో మొదలయ్యే పేరు ఇంగ్లిషులో ‘సి’ అయింది మరి!

తెలుగువాడి ఇంటిపేరు తీరే అంత. వరసలో ముందుంటుంది కానీ ఒక్క అక్షరం చాటున దాక్కుంటుంది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ దానివల్ల ఇబ్బందేమీ లేదు. ‘ఎవరింటి అబ్బాయివి?’ అని అడిగితే చెప్పేస్తాం. చెప్పడానికి ఊరే లేని చోటికి, అడిగే పెద్దలే లేని చోటికి వెళ్లినప్పుడే వస్తుంది చిక్కు. దక్షిణాఫ్రికాలో, మారిషస్‌లో వేల కుటుంబాలు పేరు చివర మోస్తున్న ‘నాయుడూ’ అలాంటి చిక్కులోంచి పుట్టిందే. ఇంగ్లిషులో రాసినప్పుడు చివర ఒక ‘యు’కి బదులు రెండు ‘ఓ’లుంటాయి. ఆంధ్రదేశంలో ఆ స్పెల్లింగుతో రాసుకునేవారు ఇప్పుడు దాదాపు కనపడరు. డర్బన్‌లో మాత్రం అడుగడుగునా కనిపిస్తారు.

ఇంటిపేరే పటం

తెలుగు ఇంటిపేర్లలో ఎక్కువభాగం ఊళ్ల నుంచి వచ్చినవే. విజయనగరంలో కూర్చుని ‘కన్యాశుల్కం’ రాసిన అప్పారావుగారి ఇంటిపేరు గురజాడ. ఆ పేరున్న ఊరు కృష్ణా జిల్లాలో ఉంది. విజయనగరం రాజులు పూసపాటివారి పేరూ అంతే, కృష్ణా తీరంలోని పూసపాడు నుంచి వచ్చింది. అంటే ఇంటిపేరు తెలిస్తే ఆ కుటుంబం ఎక్కణ్నుంచి కదిలి ఎక్కడికి చేరిందో కొంతవరకూ గీతగీసి చూపించొచ్చు. ఊరి పేర్లు కాక వృత్తులూ, పదవులూ, చెట్లూ, వస్తువులూ, ఎప్పుడో ఎవరో పెట్టిన ఎగతాళి పేర్లూ ఇంటిపేర్లయ్యాయి. దత్తత వెళితే ఇంటిపేరు మారుతుంది. 1910లో విశాఖపట్నంలో పుట్టిన శ్రీశ్రీ పూడిపెద్దివారి అబ్బాయి. దత్తతతో శ్రీరంగంవారయ్యారు.

పెళ్లి సంబంధాలు చూసేటప్పుడూ ముందు అడిగేది దాన్నే. ఒకే కులంలో ఒకే ఇంటిపేరైతే అన్నదమ్ముల వరస అంటారు, మాటలు అక్కడితో ఆగిపోతాయి.

‘నాయుడు’ అలా కాదు. ‘నాయకుడు’ అనే మాట నుంచి వచ్చిందని చెబుతారు. కమ్మ, వెలమ, బలిజ, కాపు, గవర... ఇలా చాలా కులాలవాళ్లు పేరు చివర గౌరవంగా చేర్చుకుంటారు. ముప్పవరపు వెంకయ్యనాయుడు, నారా చంద్రబాబునాయుడు, కింజరాపు ఎర్రన్నాయుడు... ముగ్గురూ నాయుళ్లే. కానీ ముగ్గురివీ మూడు వేర్వేరు కుటుంబాలని పేరులో మొదటి మాట వినగానే తెలిసిపోతుంది. ఆ మొదటి మాట తీసేయండి. ఇక మిగిలేది ‘నాయుడు’ ఒక్కటే. ఎవరు ఎవరో తెలియదు.

సరిగ్గా అదే జరిగింది ఓడల్లో.

గడి లేని రిజిస్టరు

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ డర్బన్‌ రేవులో లంగరేసింది. అక్టోబరులో మద్రాసు నుంచి బయల్దేరిన ఆ ఓడలో మూడొందల నలభై మందికి పైగా ఉన్నారు. చెరకు తోటల్లో పనిచేయడానికి ఒప్పందం మీద వెళ్లిన కూలీలు వాళ్లు. అది మొదలు 1911 వరకూ దక్షిణాఫ్రికాలోని నాటాల్‌ వలస రాజ్యానికి 1,52,184 మంది భారతీయులు అలా వెళ్లారు. వాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది మద్రాసులో ఓడెక్కినవాళ్లే. ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం, గోదావరి, గంజాం జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు వాళ్లలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. కరవులు, అప్పులు, పనిలేని వేసవులు... కారణాలు ఎన్నో. 1866లో గంజాం ప్రాంతాన్నీ, 1876-78లో మద్రాసు రాజధానినంతటినీ కరవు పీల్చి పిప్పి చేసింది.

ఎక్కిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. ప్రతి ఓడకూ ఒక జాబితా రాశారు. పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు, అక్కడ ఏ దొర తోటలో పని... అన్నిటికీ గడులున్నాయి. ఇంటిపేరుకి మాత్రం లేదు!

రాసుకునే గుమస్తా అడగలేదు. అడగకపోతే చెప్పే అలవాటు మనకూ లేదు. ఉదాహరణకు ఒక అప్పలస్వామి బల్ల ముందు నిలబడ్డాడనుకుందాం. ‘నీ పేరు?’ - ‘అప్పలస్వామి’. ‘తండ్రి?’ - ‘రామన్న’. అంతే, అయిపోయింది. తరతరాలుగా వచ్చిన ఇంటిపేరు ఆ బల్ల దగ్గరే ఆగిపోయింది.

ఐదేళ్ల ఒప్పందం ముగిశాక చాలామంది వెనక్కి రాలేదు. పిల్లలు పుట్టారు. వాళ్ల జననం నమోదు చేయించాలన్నా, బడిలో వేయాలన్నా, చిన్న చెక్క భూమి కొనాలన్నా తెల్లదొరల కాగితాలు చివరి పేరు అడుగుతాయి. అప్పుడు ఏం రాయించాలి? కొందరు తండ్రి పేరునో తాత పేరునో చివర పెట్టేశారు. కొందరు కులవాచకాన్ని పెట్టారు. అలా నాయుడు నాయుడూ అయ్యాడు, రెడ్డి రెడ్డిగానే మిగిలాడు. పక్కనే ఉన్న తమిళుల్లో ముదలియార్‌ మూడ్లీ అయ్యాడు, కవుండర్‌ గోవెండర్‌ అయ్యాడు. ఆ కొత్త నేల మీద నువ్వు ఫలానా కులం కాదు కదా అని నిలదీసే ఊరి పెద్దలు లేరు. కాస్త గౌరవంగా వినపడే పేరును ఎంచుకున్నవారూ ఉన్నారు.

రెండు సున్నాల్లాంటి అక్షరాలు

ఇంతకీ ఆ రెండు ‘ఓ’లు ఎందుకొచ్చాయి? తెలుగు ‘ఉ’కారం తెల్లదొర చెవికి ‘మూన్‌’లో వినపడే చప్పుడులా తోచింది. అందుకని రెండు ‘ఓ’లు వేశాడు. పందొమ్మిదో శతాబ్దపు పుస్తకాల్లో హిందూ అన్న మాటకూ అలాగే రాశారు. అప్పటికి ఇంగ్లిషులో మన పేర్లు రాయడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ లేదు, చెవి ఎలా వింటే చెయ్యి అలా రాసేది.

దానికి విశాఖలోనే మంచి ఉదాహరణ ఉంది. 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో ఖగోళ పరిశోధనశాల కట్టిన జమీందారు గోడే వెంకట జగ్గారావు. ఇంగ్లిషు పుస్తకాల్లో ఆయన ‘జగ్గరో’. ఆయన తర్వాత దాన్ని నడిపిన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అయితే ‘నర్సింగ్‌ రో’! రావు కాస్తా ఇంగ్లిషులో వరస అయిపోయింది. నగరంలోని మిసెస్‌ ఏవీఎన్‌ కళాశాల పేరులోని మూడక్షరాలూ ఆయనవే. అంకితం అన్న ఇంటిపేరు అక్కడా ఒక్క అక్షరంలోనే దాగి ఉంది.

1870లలో డబ్ల్యూ.డబ్ల్యూ.హంటర్‌ తయారుచేసిన లిప్యంతరీకరణ పద్ధతిని ప్రభుత్వం చేపట్టింది. ‘ఉ’ వస్తే ‘యు’ రాయాలన్నది అందులో ఒక నియమం. మెల్లగా మన దేశంలో నాయుడు చివర ‘యు’ స్థిరపడింది. సరోజినీ నాయుడు పేరు మనకు తెలిసింది అలాగే. 1932లో భారత్‌ తొలి టెస్టుకు నాయకత్వం వహించిన సి.కె.నాయుడు మాత్రం ‘ఐ’ బదులు ‘వై’, ‘యు’లు పెట్టి మరోలా రాసుకున్నారు. అన్నట్టు ఆయన పేరులో ‘సి’ అంటే కొఠారి... ఇక్కడా ‘క’ పోయి ‘సి’ వచ్చింది!

ఓడెక్కి ముందే వెళ్లిపోయిన వాళ్లకు ఈ సవరణ అందలేదు. ఇక్కడ మారిపోయిన పాత స్పెల్లింగు అక్కడ అలాగే ఉండిపోయింది. ఫిజీని చూస్తే తేడా తెలుస్తుంది. ఆ దీవులకు దక్షిణ భారత కూలీలను తీసుకెళ్లడం 1903లో మొదలైంది. అక్కడి నాయుళ్లు మామూలుగా ‘యు’తోనే రాసుకుంటారు. మలేసియాలోనూ అంతే. చివరి అక్షరాన్ని బట్టి ఏ కుటుంబం ఏ సముద్రం దాటిందో ఊహించవచ్చన్నమాట.

జైలుకెళ్లిన పేరు

ఓడ జాబితాల్లో ఓ గడిగా మొదలైన పేరు చరిత్రలో గట్టిగానే వినిపించింది. మారిషస్‌లో పుట్టి ట్రాన్స్‌వాల్‌ చేరిన తంబి నాయుడూ గాంధీజీ సత్యాగ్రహంలో కుడిభుజం. 1908 జనవరిలో జనరల్‌ స్మట్స్‌కు పంపిన రాజీ లేఖ మీద గాంధీజీ, చైనీయుల నేత ల్యూంగ్‌ క్విన్‌లతో పాటు సంతకం చేసింది ఆయనే. ఆయన మనవడు ఇంద్రెస్‌ నాయుడూ వర్ణవివక్షను ఎదిరించి రాబెన్‌ దీవి జైల్లో పదేళ్లు గడిపారు. జే నాయుడూ కార్మిక సంఘాల సమాఖ్య ‘కొసాటు’కు తొలి ప్రధాన కార్యదర్శి. 1994లో మండేలా మంత్రివర్గంలో చేరారు. కుమి నాయుడూ గ్రీన్‌పీస్‌కూ, తర్వాత ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌కూ సారథ్యం వహించారు.

వీళ్లంతా తెలుగువాళ్లేనా అంటే... చెప్పలేం. తంబి నాయుడూ నడిపింది తమిళుల సంఘాన్ని. జే నాయుడూ కుటుంబం మూలాలు తమిళనాట ఉన్నాయి. శతాబ్దాల కిందటే తమిళ దేశంలో స్థిరపడ్డ నాయుళ్లు ఎందరో. అందుకే డర్బన్‌లో ఇద్దరు నాయుడూలు ఎదురైతే వాళ్లు చుట్టాలు కానక్కర్లేదు, ఒకే భాషవాళ్లూ కానక్కర్లేదు. వాళ్ల మధ్య పెళ్లి కుదిరినా ఎవరూ ఆశ్చర్యపోరు. ఇంటిపేరు చేయాల్సిన పని ఆ పేరు చేయడం లేదు మరి!

అప్పన్న వదిలిన ఆనవాలు

అయితే ఆశ పూర్తిగా పోలేదు. ఇంటిపేరు పోయినా ముత్తాత సొంత పేరు మిగిలింది. అందులోనే ఊరి వాసన ఉంటుంది. దక్షిణాఫ్రికాలో అప్పల్‌సామి, అప్పల్‌రాజు అన్న వంశనామాలున్నాయి. అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనర్సమ్మ... ఇవి సింహాచలం అప్పన్న పేరు మీద పెట్టుకునే పేర్లు. మద్దిలపాలెంలో బడి హాజరుపట్టీ చూసినా, శ్రీకాకుళంలో పెళ్లి శుభలేఖ చూసినా ఇవి కనపడతాయి. కృష్ణ దాటి దక్షిణానికి వెళ్తే అరుదు. కాబట్టి అప్పల్‌సామి అన్న పేరున్న కుటుంబం ఉత్తరాంధ్ర నుంచే వెళ్లిందని చాలావరకూ నమ్మొచ్చు. మారిషస్‌లో అయితే ‘అప్పడు’ అన్న పేరే చివర రెండు ‘ఓ’లతో వంశనామమైంది. అక్కడి తెలుగువాళ్లు సింహాద్రి అప్పన్నను నేటికీ పూజిస్తారు. ఒకప్పుడు వాళ్లను ‘కొరంగీలు’ అనేవారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరది. బర్మాలోనూ తెలుగువాళ్లకు అదే పేరు.

మారిషస్‌లో వలస కూలీల రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. డర్బన్‌ ఓడల జాబితాలు ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కాయి. మనవలూ మునిమనవలూ అందులో నంబరు పట్టుకుని, దాని ఎదురుగా ఉన్న ఊరి పేరు పట్టుకుని బయల్దేరుతున్నారు. ఇది సరదా వ్యవహారం మాత్రమే కాదు. 2024 మార్చిలో మారిషస్‌ వెళ్లిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, అక్కడి భారత సంతతివారికి ఏడో తరం వరకూ ఓవర్సీస్‌ సిటిజన్‌ కార్డుకు అర్హత ఉంటుందని ప్రకటించారు. కార్డు కావాలంటే పూర్వీకుడు ఇక్కడివాడేనని కాగితం చూపాలి. అంటే ఆనాటి గుమస్తా చెవికి ఎలా వినపడిందన్నది ఈనాటికీ అవసరమే.

వచ్చేవాళ్లకు ఎదురయ్యే మొదటి చిక్కు జిల్లా. రిజిస్టరులో ‘విజగపటం’ అని ఉంటే నేరుగా విశాఖ నగరానికి వచ్చేస్తారు. ఆనాటి విశాఖపట్నం జిల్లా వేరు. ఒడిశాలోని కోరాపుట్‌ 1936 వరకూ అందులోనే ఉండేది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడివిడిగా ఏర్పడ్డాయి. రెండో చిక్కు ఊరు. ‘పాలెం’, ‘వలస’, ‘పేట’లతో ముగిసే ఊళ్లు ఈ ప్రాంతంలో లెక్కలేనన్ని. ఇంగ్లిషు వంకర స్పెల్లింగులో అన్నీ ఒకేలా ఉంటాయి. ఊరు దొరికినా మూడో చిక్కు... ‘మాది ఫలానా నాయుడుగారి కుటుంబం’ అంటే, ఊళ్లో పెద్దలు వెంటనే అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఏ నాయుళ్లమ్మా? ఇంటిపేరేంటి?’

దక్షిణాఫ్రికాలో తెలుగువాళ్లు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషను కాపాడుకోవాలని చూశారు. 1996 నాటి ఆ దేశ రాజ్యాంగం గౌరవించి ప్రోత్సహించాల్సిన భాషల్లో తెలుగు పేరూ రాసింది. భాషకు రాజ్యాంగంలో చోటు దొరికింది. ఇంటిపేరుకి మాత్రం ఓడ రిజిస్టరులో ఒక గడి కూడా దొరకలేదు.

ఇప్పుడు మనవాళ్లు ఎక్కేది విమానాలు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకి ప్రత్యేకంగా ఒక గడి ఉంది. అయినా పొడుగ్గా ఉందనో, అమెరికావాళ్లకు నోరు తిరగదనో దాన్ని ఒక్క అక్షరానికి కుదించేవాళ్లు ఉన్నారు. ఆ అక్షరం వెనక ఏముందో పిల్లలకు ఒక్కసారి విడమరిచి చెబితే చాలు. నాలుగు తరాల తర్వాత ఎవరో మునిమనవరాలు ఊరు వెతుక్కుంటూ వస్తే, ఆ పెద్దల ప్రశ్నకు ఆమె దగ్గర జవాబుంటుంది.