384 మంది చాలుదురా?

ఒక వ్యాధి కొందరికి సంక్రమించి మరికొందరికి సంక్రమింపకుండుటకు హేతువులేవియని విచారించు వైద్యపరిశోధకునకు లాజిస్టిక్ రిగ్రెషన్ నేడు నిత్యోపకరణమైనది. కాని దానికి ఎందరి సమాచారము కావలయునను ప్రశ్న వచ్చినపుడు మాత్రము శాస్త్రముకంటె సంప్రదాయమే తరచుగా సమాధానము చెప్పుచున్నది. సినాప్సిస్ సమర్పింపవలసిన దినము సమీపింపగనే సీనియరు థీసిస్ తెరచి, అందలి సంఖ్యను ఎత్తి వ్రాసికొనుటయే ఆ సంప్రదాయము.

అపోహ: 384 మంది యున్నచో ఏ విశ్లేషణమునకైనను చాలును.

ఈ సంఖ్య నిరాధారమైనది కాదు. ఒక లక్షణము జనసమూహమున ఎంత శాతము మందికి కలదో, ఐదు శాతము అటునిటుగా, 95 శాతము విశ్వాసముతో తెలియగోరి, ఆ శాతము 50 యని ముందుగా ఊహించి లెక్కించినచో వచ్చునది 384. ఆ 95 శాతము విశ్వాసమునకు సరిపోవు 1.96 అను సంఖ్యను 2గా సవరించుకొని ‘4పీక్యూ’ సూత్రము ననుసరించువారికి అదియే 400 అగును. అనగా ఇది ఒకే యొక శాతమును కొలుచుటకు ఏర్పడిన లెక్క. వ్యాధి రాగల సంభావ్యతను ముందుగా చెప్పు సమీకరణములకై రిచర్డ్ రైలీ ప్రభృతులు ఇటీవల ప్రతిపాదించిన ప్రమాణములలోను ఈ గణితమే యొకచోట కానవచ్చుచున్నది. అయితే అచట దాని పని సగటు ప్రమాదమును, అనగా ఏ చలరాశియు చేరకమునుపు సమీకరణమున నుండు స్థిరాంకమును, నిర్ణయించుట మాత్రమే. వయస్సు, రక్తపోటు, ధూమపానము మొదలగువానికి వేరుగా లెక్క చూడవలెను.

అపోహ: పాల్గొన్నవారి సంఖ్యయే ప్రధానము.

అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణమున 1948లో ఆరంభమైన హృద్రోగ పరిశోధనమును పరిశీలింపుడు. ట్రూయెట్, కార్న్‌ఫీల్డ్, కానెల్ అను మువ్వురు 1967లో ప్రకటించిన వ్యాసమున 2,187 మంది పురుషులను, 2,669 మంది స్త్రీలను పండ్రెండేండ్లు గమనించిన ఫలితములు కలవు. హృద్ధమనీ వ్యాధి క్రొత్తగా పొడసూపినది 258 మంది పురుషులకు, 129 మంది స్త్రీలకు. విచారించిన హేతువులు ఏడు. స్త్రీలు అధికసంఖ్యాకులే యైనను, ఒక్కొక్క హేతువునకు వారి పక్షమున లభించిన వ్యాధిగ్రస్తులు 18 మంది. పురుషుల పక్షమున దాదాపు 37 మంది. సమీకరణమునకు ఆహారము వ్యాధి పొడసూపిన ఈ ఘటనలే గాని తలల లెక్క కాదు. మన 384 మందిలో ఐదు శాతము మందికే వ్యాధి యున్నచో 19 మంది రోగులు. వారిని ఆరు చలరాశులకు పంచినచో ఒక్కొక్కదానికి మువ్వురు! వ్యాధి 70 శాతము మందికి ఉన్నపుడో, ఆరోగ్యవంతులే అల్పసంఖ్యాకులు గనుక వారిని లెక్కింపవలెను.

అపోహ: చలరాశికి పది ఘటనలుండవలెనను నియమము శిలాశాసనము.

1996లో పెడుజ్జి ప్రభృతులు 673 మంది రోగులు, 252 మరణములు, ఏడు చలరాశులు గల సమాచారము నాధారముగా గొని కంప్యూటరుపై కృత్రిమ ప్రయోగములు సాగించి, పదికి తగ్గినచో గుణకములు దారితప్పుచున్నవని చూపిరి. 2007లో విటింగ్‌హాఫ్, మెకల్లక్ పలు సందర్భములలో అంతకు తక్కువైనను నష్టము స్వల్పమేయనిరి. 2016లో వాన్ స్మేడెన్ ప్రభృతులు ఆ నియమమునకు దృఢమైన ఆధారమే లేదని తేల్చిరి. పది చాలకపోవచ్చును, పదికి తక్కువైనను పని జరుగవచ్చును. నా దృష్టిలో ఇంతకంటె హానికరమైనది చలరాశులను లెక్కించు విధానమే: విద్యార్హతను ఐదు తరగతులుగ విభజించినవాడు ఒక చలరాశి యనుకొనును గాని, సమీకరణము నాలుగు గుణకములను మోయవలసియుండును, ముప్పది హేతువులను జల్లెడపట్టి, పి-విలువ అనుకూలించిన ఐదింటిని నిలుపుకొన్నవాడు ఐదింటికే లెక్కచూపును గాని, న్యాయముగ చూపవలసినది ముప్పదింటికి.

అపోహ: సాఫ్ట్‌వేర్ ఫలితమిచ్చినది గనుక నమూనా చాలినట్లే.

పొగాకు నమలు ప్రతివానికిని వ్యాధి యుండి, నమలనివారిలో కొందరికే యున్నచో, ఆ గుణకము అనంతమునకు పరుగిడును. సాఫ్ట్‌వేర్ మాత్రము ఒకచోట ఆగి, వేలలో ఒక ఆడ్స్ రేషియోను నిర్వికారముగ ముద్రించును. ఫర్త్ 1993లో ప్రతిపాదించిన సవరణ ఇట్టిచోట కొంత ఆదుకొనును గాని, లేని సమాచారమును సృష్టింపజాలదు.

పని ముగిసిన పిమ్మట వచ్చిన ఫలితమునుండియే ‘పవర్’ లెక్కించి నమూనాను సమర్థించుకొను ఆచారము గూడ కలదు. ఆ లెక్క పి-విలువకు మారువేషమే. రోగులు దుర్లభమైనచోట తగ్గింపదగినవి చలరాశులు. ఆ తగ్గింపును సమాచారము చేతికి రాకమునుపే, వ్యాధిని గూర్చిన పూర్వజ్ఞానము ననుసరించి, ప్రోటోకాల్‌లో వ్రాసియుంచవలెను.